నడుస్తోంది

పర్లాకిమిడి రాజవీధి మలుపులో నా కొట్టు,
గొడుగు విప్పితే నిండిపోయేంత.
బోర్డు మీద నా పేరు ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి.
లోపల గడియారాలకి ఏ భాషా అక్కర్లేదు.

శ్రావణమాసపు వానలో వచ్చింది దమయంతి,
కొమ్ముపని బెహరా లింగరాజు పెళ్లాం.
గాజుగుడ్డలో చుట్టింది బల్ల మీద పెట్టి
తడిసిన కొంగు పిండుకుంటూ అంది:
"కాల్చకూడదని ఆస్పత్రిలో కోసి తీసీసినారు బాబూ.
మంటలో పడితే చింతపిక్కలా పేల్తాదట."

అగ్గిపెట్టె కన్నా చిన్నది.
లింగరాజు చెక్కిన కొంగ పొట్టంత నునుపు.
పక్కన ఓ చిన్న పుస్తకం, కంపెనీ ఇచ్చింది.
భూతద్దం కంటికి బిగించి చివరి పేజీ చూశాను.
చీమల బారు. పేటెంట్ నంబర్లు.
పదకొండు లెక్కపెట్టి ఆపేశాను.
ఒకటి తీగ కొసన మెలికకి,
ఒకటి మూత అతుక్కి,
ఒకటి, గుండె తప్పిన దరువుల్ని
రాసిపెట్టుకునే మెమరీకి.

లింగరాజుకీ ఒక మెలిక ఉండేది.
కొమ్ముని నూనెలో కాచి, పగలకుండా
కొంగ మెడ ఒక్క చుట్టులో తిప్పేవాడు.
వీధి వీధంతా ఎత్తుకుపోయింది దాన్ని.
"నా మెడ తిప్పీసినార్రా దొంగనాయాళ్లు" అని
రెండ్రోజులు తిట్టాడు.
మూడోరోజు ఆ దొంగకే
నూనె ఎంత కాగాలో చూపించాడు.
దానికి నంబరు లేదు.

"దీన్లో గ్యాపకం ఉంటాదట కదా" అంది.
"ఏ పూట గుండె పరిగెట్టిందో, ఏ పూట కుదురుగా ఉందో
అన్నీ ఉంటాయట.
నాకు ఒక్క రాత్రి కావాల.
చైత్రంలో.
అప్పుడు మా ఇద్దరికీ మాటల్లేవు.
నాను గోడవైపు తిరిగి పడుకున్నాను.
ఆయన నిద్రపోయాడో లేదో
అదొక్కటి సూసి సెప్పు."

నలభయ్యేళ్లుగా ఆగిపోయినవే తెచ్చారు నా దగ్గరికి.
ఆగనిదాన్ని తెచ్చి
వెనక్కి తిప్పమన్న మనిషి ఈవిడే.

విశాఖలో కంపెనీ మనిషికి ఫోను చేశాను.
చదివే యంత్రం వాళ్ల దగ్గరే ఉంటుందట.
మూత తెరిస్తే కేసవుతుందట.
"అయినా చోటు నిండితే, మాస్టారూ,
పాతవి వాటంతటవే చెరిగిపోతాయి.
చైత్రం ఇంకా ఉంటుందని చెప్పలేం."
చాలా మర్యాదగా మాట్లాడాడు.
భోజనం అయిందా అని కూడా అడిగాడు.

దమయంతికి ఇదంతా చెప్పలేదు.
పాత రేడియో గుల్ల విప్పి
రెండు తీగలు తగిలించి
స్పీకరు ఆమెవైపు తిప్పాను.

టక్.
వాన చప్పుడు కాస్త వెనక్కి జరిగింది.
టక్.
ఒంటరి డబ్బీ, చుట్టూ మనిషి లేడు,
అయినా నిమిషానికి అరవై.
మహేంద్రతనయ ఒడ్డున బూడిద కూడా
వానకి కొట్టుకుపోయిన పన్నెండో రోజు.

చెవి ఆనించి చాలాసేపు విన్నది.
ఏదో లెక్కపెడుతోంది, పెదాలు కదులుతున్నాయి.
ఏమంటుందో అని నేను
ఊరికే ఒక స్క్రూ బిగిస్తూ కూర్చున్నాను.
"ఆయన గుండె ఇంత సక్కగా కొట్టీది కాదు" అంది చివరికి.
"మెట్లెక్కితే తడబడీది.
ఇది ఆయన కాదు."
కొంగుముడి విప్పి ఇరవై రూపాయలు పెట్టింది.
వద్దన్నాను. తీసుకోలేదు.
డబ్బీ కూడా తీసుకోలేదు.
పుస్తకం మాత్రం గాజుగుడ్డలో చుట్టి పట్టుకుపోయింది.
ఎందుకో అడగలేదు.

రాత్రి షట్టరు సగం దించి
రిపేరు పుస్తకం తీశాను.
పేరు: బెహరా దమయంతి.
వస్తువు: అని ఉన్నచోట చాలాసేపు పెన్ను ఆగింది.
ఖాళీగా వదిలేశాను.
లోపం అన్నచోట రాశాను:
నడుస్తోంది.